నాన్నగారి చివరి పాఠం: టేపు నుంచి డిస్కుకు

మీ ఇంట్లో అటక మీదనో, బీరువా అడుగునో పుస్తకమంత సైజులో నల్లటి ప్లాస్టిక్ పెట్టెలు ఎప్పుడైనా కనిపించాయా? వాటి మీద అంటించిన కాగితంపై "అక్కయ్య పెళ్లి, 1991" అనో, "తమ్ముడి అన్నప్రాశన" అనో రాసి ఉంటుంది. అవే వీడియో కాసెట్లు. వాటిని ఆడించే యంత్రాన్ని మీలో చాలామంది చూసి ఉండరు. అలాంటి ఒక కాసెట్టు కథ చెబుతాను. అందులో ఎనిమిదో తరగతి లెక్కలూ ఉన్నాయి, పదో తరగతి భౌతికశాస్త్రమూ ఉంది.

మా నాన్నగారు లెక్కల మాస్టారు. 1994లో ఆయన పదవీ విరమణ చేసినప్పుడు పాఠశాలలో వీడ్కోలు సభ జరిగింది. రెండు మాటలు మాట్లాడమని అడిగితే, "నాకు ఉపన్యాసాలు రావు, లెక్క చెబుతాను" అంటూ సుద్దముక్క అందుకున్నారు. పైథాగరస్ సిద్ధాంతాన్ని బోర్డు మీద నిరూపించి, చేతులు దులుపుకుని వచ్చి కూర్చున్నారు. మొత్తం పదకొండు నిమిషాలు. ఆయన పూర్వ విద్యార్థి ఒకాయన దాన్నంతా కామ్‌కార్డర్‌తో తీశాడు. నాన్నగారి గొంతు, బోర్డు మీద ఆయన చేతిరాత మాకు మిగిలింది ఆ టేపులోనే.

2006లో ఆ కాసెట్టును డి.వి.డి.గా మార్పించాను. ఖర్చు కలిసివస్తుందని మరో రెండు కాసెట్లు కూడా ఇచ్చి, "మూడూ ఒకే డిస్కులో ఎక్కించండి" అన్నాను. మొత్తం ఆరు గంటలు. దుకాణంవారు నేను అడిగినట్టే చేసి ఇచ్చారు. 2009లో నాన్నగారు పోయారు. సంవత్సరీకం నాడు అందరం కూర్చుని ఆ డిస్కు పెట్టుకున్నాం. బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. నాన్నగారు చెయ్యి కదిపినప్పుడల్లా బొమ్మ చిన్న చిన్న గళ్లుగా విరిగిపోతోంది. "ఇదేమిట్రా, మీ నాన్నగారి మొహం గళ్లగళ్లుగా ఉంది!" అంది అమ్మ.

సైన్సు మాస్టారినై ఉండి దానికి సమాధానం చెప్పలేకపోయాను. తరువాత కొన్ని నెలలు ఆ విషయమే చదివాను. అప్పుడు తెలిసింది, తప్పు ఎక్కువ భాగం నాదేనని!

టేపులో బొమ్మ ఎక్కడ ఉంటుంది?

వీడియో టేపు అంటే పల్చటి ప్లాస్టిక్ పట్టీ. దానిపై ఐరన్ ఆక్సైడ్ వంటి అయస్కాంత పదార్థపు పొడిని పూతగా పూస్తారు. బొమ్మలోని వెలుగు, నీడలు విద్యుత్ సంకేతాలవుతాయి. ఆ విద్యుత్తు "హెడ్" అనే చిన్న విద్యుదయస్కాంతం గుండా ప్రవహించి పూతలోని కణాలను అయస్కాంతాలుగా మారుస్తుంది. చూసేటప్పుడు దీనికి విలోమంగా జరుగుతుంది. కణాల అయస్కాంత క్షేత్రం హెడ్‌లో విద్యుత్తును పుట్టిస్తుంది. ఫారడే చెప్పిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే.

1976లో జపానులోని జె.వి.సి. కంపెనీ తెచ్చిన వి.హెచ్.ఎస్. పద్ధతి మన దేశంలో బాగా వాడుకలోకి వచ్చింది. కెమెరా, రికార్డరు ఒకే పెట్టెలో ఇమిడిన కామ్‌కార్డర్లు 1983 నుంచి ఇళ్లలోకి రాసాగాయి. మన దేశపు పద్ధతిలో వి.హెచ్.ఎస్. టేపు సెకనుకు 23.39 మిల్లీమీటర్లే కదులుతుంది. చీమ నడకే! బొమ్మకు కావలసిన సంకేతాన్ని రాయడానికి ఈ వేగం బొత్తిగా చాలదు. మరి ఎలా?

ఇంజనీర్లు చక్కటి ఉపాయం చేశారు. టేపు నెమ్మదిగా నడిస్తే నడవనీ, హెడ్‌నే వేగంగా తిప్పుదాం అనుకున్నారు. 62 మిల్లీమీటర్ల వ్యాసం గల డ్రమ్ముకు రెండు హెడ్లను ఎదురెదురుగా బిగించి, సెకనుకు 25 చుట్లు తిప్పారు. లెక్క కట్టండి: 3.14 × 62 × 25 అంటే సెకనుకు సుమారు 4,867 మిల్లీమీటర్లు. టేపు నడక కంటె రెండు వందల రెట్లు ఎక్కువ! డ్రమ్ము కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి హెడ్లు టేపు మీద ఏటవాలు గీతలు గీస్తూ పోతాయి. ఒక్కో గీత వెడల్పు ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. హెడ్‌కు కాస్త దుమ్ము అంటినా బొమ్మ ఎందుకు పాడవుతుందో ఇప్పుడు అర్థమైంది కదూ?

ఇక బొమ్మ సంగతి. మన పాల్ పద్ధతిలో బొమ్మకు 625 గీతలు. వాటిలో కంటికి కనిపించేవి 576. సెకనుకు 25 బొమ్మలు. ఒక్కో బొమ్మను రెండు విడతలుగా చూపిస్తారు. మొదట ఒక వరస గీతలు, తరువాత వాటి మధ్య ఖాళీల్లోని గీతలు. ఈ విడతను "ఫీల్డు" అంటారు. అంటే సెకనుకు 50 ఫీల్డులు.

పదహారు డిస్కుల బరువు

ఈ సంకేతాన్ని డిస్కులోకి ఎక్కించాలంటే ముందు అంకెలుగా మార్చాలి. 576 గీతల్లో ఒక్కోదాన్ని 720 చుక్కలుగా విడగొడతారు. 720 × 576 = 4,14,720 చుక్కలు. వెలుగుకూ రంగుకూ కలిపి చుక్కకు సగటున 2 బైట్లు వేసుకుందాం. సెకనుకు 25 బొమ్మలు, గంటకు 3,600 సెకన్లు. గుణించి చూడండి. ఒక గంట చిత్రానికి దాదాపు 7,465 కోట్ల బైట్లు వస్తాయి. డి.వి.డి.లో పట్టేది 470 కోట్ల బైట్లే. అంటే గంట చిత్రానికి దాదాపు పదహారు డిస్కులు కావాలన్నమాట!

ఒక డిస్కులోనే సర్దాలంటే కుదించక తప్పదు. డి.వి.డి. వాడే కుదింపు పద్ధతి పేరు ఎం.పెగ్-2. అది రెండు పనులు చేస్తుంది. మొదటిది: బొమ్మను 8 × 8 చుక్కల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని సూక్ష్మ వివరాలను తగ్గిస్తుంది. రెండవది: ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య మారిన భాగాన్నే ఎక్కువగా రాసుకుంటుంది. నాన్నగారి వెనక ఉన్న గోడ మారలేదు కనుక దాన్ని మళ్లీ మళ్లీ రాయనక్కర్లేదు. మారుతున్నది ఆయన చెయ్యి, బోర్డు మీద కొత్తగా పడుతున్న గీత.

ఇప్పుడు నా తప్పు చూడండి. 470 కోట్ల బైట్లంటే 3,760 కోట్ల బిట్లు. దీన్ని ఆరు గంటలకు, అంటే 21,600 సెకన్లకు పంచితే సెకనుకు సుమారు 17 లక్షల బిట్లు వస్తాయి. అదే ఒక గంటకు పంచితే కోటి దాటుతాయి. కోటి రూపాయల పనికి పదిహేడు లక్షలిచ్చి బాగా చెయ్యమన్నట్టయింది! బిట్లు చాలనప్పుడు ఎం.పెగ్ ముందుగా వదిలేసేది సన్నటి వివరాలనే. సుద్దరాత పోయింది అందుకే. కదలిక ఎక్కువైన చోట గళ్ల అంచులు కూడా అతకవు. అమ్మకు కనిపించిన గళ్లు ఆ 8 × 8 గళ్లే!

మళ్లీ మొదటి నుంచి

అదృష్టవశాత్తూ అసలు కాసెట్టును నేను పారెయ్యలేదు. 2010లో ఒక మిత్రుడి దగ్గర మంచి వీడియో రికార్డరు అరువు తెచ్చి పనికి పూనుకున్నాను. నేను పాటించిన వరస ఇది.

ఒకటి: టేపు పరీక్ష. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. కాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి పొడి కనిపించవచ్చు. అది బూజు. అలాంటి టేపును యంత్రంలో పెట్టకూడదు. బూజు హెడ్లకు అంటుకుని తరువాతి కాసెట్టుకు కూడా పాకుతుంది. తెలిసినవారి చేత శుభ్రం చేయించాలి. మా కాసెట్టుకు బూజు లేదు. అయినా ఏళ్ల తరబడి కదలని టేపు కనుక చివరిదాకా ఒకసారి చుట్టి, మళ్లీ వెనక్కు చుట్టాను. యంత్రం హెడ్లు శుభ్రం చేయించాను.

రెండు: తీగ. వి.హెచ్.ఎస్. టేపులో వెలుగు సంకేతం, రంగు సంకేతం విడివిడిగా ఉంటాయి. మామూలు పసుపురంగు పిన్ను తీగలో ఆ రెండూ కలిసిపోతాయి. వాటిని మళ్లీ విడదీసేటప్పుడు అంచుల వెంట రంగు చుక్కలు పాకుతాయి. ఎస్-వీడియో తీగలో రెండూ విడిగానే ప్రయాణిస్తాయి. యంత్రానికి ఆ సౌకర్యం ఉంటే దాన్నే వాడాలి.

మూడు: కాలం సర్దుబాటు. సెకనుకు 25 బొమ్మలు, బొమ్మకు 625 గీతలు అంటే 15,625 గీతలు. ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు. పాత టేపు సాగినా, యంత్రం కాస్త తడబడినా ఒక గీత ముందుగా, ఒకటి ఆలస్యంగా మొదలవుతుంది. నిలువు స్తంభాలు వంకర్లు తిరుగుతాయి. "టైమ్ బేస్ కరెక్టర్" అనే పరికరం గీతలను జ్ఞాపకంలో ఆపుకుని, సరైన సమయానికి ఒక్కొక్కటే వదులుతుంది. ప్రార్థనకు పిల్లలను వరసలో నిలబెట్టే డ్రిల్లు మాస్టారిలాగ! కొన్ని మంచి రికార్డర్లలో ఇది లోపలే ఉంటుంది.

నాలుగు: మొదట పూర్తి వివరం, చివర కుదింపు. టేపు నుంచి నేరుగా డిస్కు రూపంలోకి కుదించలేదు. తక్కువ కుదింపుతో కంప్యూటరులోకి తీసుకుని, అనవసరమైన భాగాలు కత్తిరించి, ఒకే ఒక్కసారి చివర ఎం.పెగ్-2గా మార్చాను. కుదించినదాన్ని విప్పి మళ్లీ కుదిస్తే ప్రతిసారీ కొంత వివరం పోతుంది.

ఐదు: చుక్కల అలజడి. పాత టేపు బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు ఆడుతుంటాయి. అవి ప్రతి బొమ్మలోనూ మారతాయి కనుక, కదలని గోడ కూడా కదులుతోందని ఎం.పెగ్ భ్రమపడుతుంది. విలువైన బిట్లను ఆ ఇసుక మీద ఖర్చు పెడుతుంది. అందుకే కుదించే ముందు ఆ చుక్కలను కొద్దిగా తగ్గించాలి. మరీ తగ్గిస్తే మొహాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి.

ఆరు: గంటకు ఒక డిస్కు. సెకనుకు సుమారు 80 లక్షల బిట్లు ఇచ్చాను. ప్రోగ్రాము చిత్రాన్ని రెండుసార్లు చదివేటట్టు పెట్టాను. మొదటిసారి ఎక్కడ కష్టమో చూసుకుంటుంది, రెండోసారి అక్కడ ఎక్కువ బిట్లు ఇస్తుంది. పరీక్షలో ప్రశ్నపత్రం మొత్తం చదివాక రాయమని మేం మీకు చెప్పేది ఇదే కదా!

ఏడు: ఫీల్డుల వరస. రెండు ఫీల్డులనూ ఉన్నదున్నట్టు ఉంచాను. వాటి వరస తారుమారైతే నడిచే మనిషి రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కు వేస్తున్నట్టు బొమ్మ వణుకుతుంది.

మరి ఇతర టేపులో? 1995లో వచ్చిన మినీ డి.వి. టేపుల్లో బొమ్మ అంకెల రూపంలోనే ఉంటుంది. వాటిని ఫైర్‌వైర్ తీగ ద్వారా అంకెలుగానే దించుకోవాలి. గంటకు సుమారు 1,300 కోట్ల బైట్లు అవుతుంది. అమెరికాలోని మనవాళ్లు పంపిన పాత కాసెట్లు ఎన్.టి.ఎస్.సి. పద్ధతివి. వాటికి 525 గీతలు, సెకనుకు దాదాపు 30 బొమ్మలు. వాటిని పాల్‌గా మార్చకుండా అదే పద్ధతిలో డిస్కు చెయ్యడం మంచిది.

డిస్కు శాశ్వతమా?

కాదు. మనం ఇంట్లో రాసే డి.వి.డి.లో ఒక రంగు పొర ఉంటుంది. లేజరు వేడికి అందులో చుక్కలు ఏర్పడతాయి. చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 0.74 మైక్రాన్లే. ఒక్క మిల్లీమీటరులో 1,350 చుట్లన్నమాట! ఎండ తగిలితే ఆ రంగు పొర చెడిపోతుంది. కనుక డిస్కును చీకట్లో, చల్లగా, నిలబెట్టి ఉంచాలి. రెండు ప్రతులు చెయ్యాలి. కంప్యూటరులోకి తీసుకున్న అసలు చిత్రాన్ని హార్డ్ డిస్కులో మరోచోట దాచాలి. ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు మరి!

మీరే చేసి చూడండి

గళ్ల కాగితం మీద 8 × 8 చదరం గీయండి. ఎడమ సగం నలుపు, కుడి సగం తెలుపు చెయ్యండి. దాన్ని చూడని స్నేహితుడికి మాటల్లో చెప్పండి: "ప్రతి వరసలో 4 నలుపు, 4 తెలుపు." అంతే! ఇప్పుడు తెల్ల భాగంలో ఇష్టం వచ్చినట్టు పది నల్ల చుక్కలు పెట్టి మళ్లీ చెప్పండి. ఎన్ని మాటలు పట్టాయి? ఎం.పెగ్ చేసే పని ఇంతకంటె క్లిష్టమైనది, కాని చుక్కల అలజడి దాన్ని ఎందుకు ఇబ్బంది పెడుతుందో మీకు తెలిసిపోతుంది.

కొత్త డిస్కును అమ్మకు చూపించాను. బోర్డు మీది అక్షరాలు కొంచెం మెత్తగానే ఉన్నాయి. వి.హెచ్.ఎస్. టేపు అడ్డంగా సుమారు 240 గీతల వివరాన్నే నిలుపుకోగలదు. అందులో లేనిది ఏ యంత్రమూ తేలేదు. కాని నిరూపణ మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదవగలిగాను. చివర్లో నాన్నగారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, "అర్థం కానివాళ్లు చెయ్యెత్తండి" అన్నారు. పాత డిస్కులో గళ్లలో కలిసిపోయిన వెనక వరస ఇప్పుడు కనిపించింది. అక్కడ ఒక చెయ్యి లేచి ఉంది. అది నాదే!

వీడియో రికార్డర్లు చేస్తున్న చివరి కంపెనీ, జపానులోని ఫునాయ్, 2016లో వాటి తయారీ ఆపేసింది. పనిచేసే యంత్రాలు ఏటేటా తగ్గిపోతున్నాయి. కనుక ఈ సెలవుల్లో అటక మీది పెట్టెలు దించండి. వాటిలో ఎవరున్నారో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి కాగితం మీద రాసుకోండి. మార్పించేటప్పుడు మాత్రం నాలాగ ఆరు గంటలూ ఒకే డిస్కులో ఎక్కించమనకండి!