రాక్షసుడు చావడు... నిద్ర పట్టదు!

రాత్రి పదకొండున్నర. ఇంట్లో అందరూ పడుకున్నారు. రాక్షసుడు ఇంకో రెండు దెబ్బలకు పోయేలా ఉన్నాడు. కానీ మీ వీరుడికి శక్తి అయిపోయింది. మళ్లీ నిండాలంటే ఇరవై నిమిషాలు ఆగాలి. మీరేం చేస్తారు?

చాలామంది ఆగుతారు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇదేదో పిల్లల గొడవ అనుకోకండి. 2009లో ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్‌ వచ్చినప్పుడు పంట వాడిపోతుందని అలారం పెట్టుకుని లేచినవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువగా కనిపించేవారు. కోటలు, కత్తులు, రాక్షసులతో సాగే క్యాజిల్‌ ఏజ్‌ కూడా ఆ రోజుల్లోదే. పాత ఫార్మ్‌విల్‌ 2020 డిసెంబరు 31న మూతపడింది. దాని కిటుకులు మాత్రం మన ఫోన్లలో హాయిగా బతికే ఉన్నాయి.

మంచి లేదని కాదు. డల్లాస్‌లో ఉన్న పిన్ని కొడుకుతో మామూలుగా ఏడాదికోసారి మాట్లాడేవాళ్లు, ఒకే దండులో చేరి రోజూ పలకరించుకుంటారు. రిటైరైన వారికి పొద్దుపోతుంది. పని ఒత్తిడి నుంచి పది నిమిషాలు బయటపడటానికి ఆటను మించింది లేదనే వారితో వాదించాల్సిన పనీ లేదు.

ఆపినట్టే ఆపి...

శక్తి అయిపోగానే ఆట ఆగిపోతుంది కదా, మరి వ్యసనం ఎలా అవుతుందని మీరు అడగొచ్చు. ఆగడం వల్లే! కడుపునిండా ఆడనిస్తే విసుగొచ్చి వదిలేస్తారు. మధ్యలో ఆపితే మనసు అక్కడే వేలాడుతుంది. పూర్తయిన పనికన్నా సగంలో ఆగిన పనే బాగా గుర్తుంటుందని మనస్తత్వవేత్త బ్లూమా జైగార్నిక్‌ 1927లోనే చెప్పారు. పెట్టె తెరిస్తే ఏమొస్తుందో తెలియకపోవడం రెండో కిటుకు. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి కోసం ప్రయత్నం అంత తేలిగ్గా మానరని బి.ఎఫ్‌.స్కిన్నర్‌ ప్రయోగాలు తేల్చాయి. మూడోది మొహమాటం. ‘నువ్వు రాకపోతే ఓడిపోతాం’ అని దండులో వాళ్లు మెసేజ్‌ పెడితే కాదనలేం. పైగా డల్లాస్‌ వాళ్లకు సాయంత్రమంటే మనకు తెల్లవారుజాము.

అందుకే ‘రోజుకు ఎన్ని గంటలు ఆడుతున్నారు’ అనే ప్రశ్న వీటికి సరిపోదు. ఎన్నిసార్లు తెరుస్తున్నారో చూడండి. ఐదేసి నిమిషాల చొప్పున ముప్పైసార్లు తెరిస్తే రెండున్నర గంటలు. అంతకన్నా పెద్ద నష్టం, వంట, ఆఫీసు పని, పిల్లల హోంవర్క్‌ ముప్పై ముక్కలవడం. సెట్టింగ్స్‌లో డిజిటల్‌ వెల్‌బీయింగ్‌ లేదా స్క్రీన్‌ టైమ్‌ తెరిస్తే ఈ లెక్క తెలుస్తుంది. తీరా చూశాక చాలామంది ఉలిక్కిపడతారు.

ముందు దెబ్బతినేది నిద్ర. ఫోను వెలుగు ఒక్కటే కారణం కాదు. గెలుపోటముల ఉత్కంఠ మెదడును మేల్కొలిపే ఉంచుతుంది. తెరనే చూస్తుంటే రెప్పలు తక్కువగా వేస్తాం, కళ్లు పొడిబారి మండుతాయి. అదే పనిగా తెరను నొక్కుతుంటే బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి మొదలవ్వొచ్చు.

డబ్బు సంగతీ ఉంది. వందలోపు రత్నాలే కదా అని కొంటుంటాం. నెలాఖరున కూడితే పాల బిల్లును దాటొచ్చు. డబ్బు పెట్టి కొనే ఇలాంటి అదృష్టపు పెట్టెలను కొన్ని ఆటల్లో జూదంగా లెక్కించి 2018లో బెల్జియం చట్టవిరుద్ధమని తేల్చింది. ఆటతో కార్డును కలిపి ఉంచకండి. కొన్న ప్రతిసారీ పాస్‌వర్డ్‌ అడిగేలా పెట్టుకోండి.

తగ్గించడం ఎలా?

ఆటను ఉన్నపళంగా తీసేయాల్సిన పని లేదు. ముందు నోటిఫికేషన్లు ఆపేయండి. శక్తి నిండిందనే కబురు రాకపోతే సగం పిలుపులు తగ్గినట్టే. ‘రాత్రి తొమ్మిది తర్వాత నేను రాను’ అని దండుకు ముందే చెప్పేయండి. రోజుకు రెండు వేళలు, ఒకే కుర్చీ. వంటింట్లో, మంచం మీద వద్దు. శక్తి నిండి పొంగిపోతే పొంగనివ్వండి, అదేమీ పొయ్యి మీద పాలు కాదు!

ఇంట్లో వాళ్లు దెప్పిపొడిస్తే లాభం లేదు, చాటుగా ఆడతారు. పక్కన కూర్చుని ఆ రాక్షసుడెవరో అడిగి చూడండి, మాట కలుస్తుంది. పదమూడేళ్లు నిండని పిల్లలకు మీ ఫేస్‌బుక్‌ ఖాతాతో ఆటలు పెట్టివ్వడం మాత్రం మానండి. ఆ వయసువారికి ఫేస్‌బుక్కే ఖాతా ఇవ్వదు.

ఎక్కువగా ఆడే ప్రతి ఒక్కరికీ జబ్బని ముద్ర వేయకూడదు. ఆటపై అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని తర్వాతే అనుకోవడం, నష్టం కళ్లెదుటే ఉన్నా ఆపలేకపోవడం... ఈ మూడూ కలిసి సాధారణంగా ఏడాదిపాటు కనిపిస్తేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ‘గేమింగ్‌ డిజార్డర్‌’ అంటోంది. ఈ నిర్వచనం ఉన్న ఐసీడీ-11 జాబితా 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అలాగని ఏడాది నిండేదాకా ఎదురుచూడక్కర్లేదు. రెండు వారాలు ప్రయత్నించినా రాత్రి ఆట ఆగకపోతే, ఉద్యోగమో చదువో దెబ్బతింటుంటే మానసిక వైద్యుల్ని కలవండి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇలాంటి సమస్యల కోసమే ‘షట్‌’ క్లినిక్‌ ఉంది. అంతదూరం వెళ్లలేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్‌ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.