గోదావరి నడుమ ఊరు: ఒడ్డు కనిపిస్తది, దవాఖాన మాత్రం అందదు

నందిపేట్ నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చిన. ఈసారి టాపిక్ దీవుల్లో ఉండే జనం, వాళ్ల దవాఖాన తిప్పలు. "నిజామాబాద్ జిల్లాల సముద్రమే లేదు, దీవుల ముచ్చట నీకెందుకు భయ్?" అని అడిగేటోళ్లకు ముందే చెప్తున్న. మన గోదావరిలనే దీవులున్నయ్. మన దిక్కు కుర్రు అంటరు, కోనసీమల లంక అంటరు.

ఈ ఎపిసోడ్ ఎందుకంటే, మా మేనమామకు కిడ్నీలు పాడైనయ్. వారానికి మూడు సార్లు డయాలసిస్. పోయిన వానాకాలం ఒకరోజు దారిల కల్వర్టు మీదికెళ్లి నీళ్లు పారినయ్. కారు తిప్పుకొని ఇంటికొచ్చినం. మర్నాటికి కాళ్లు వాచినయ్, రాత్రి పండుకుంటే ఊపిరి ఆడలేదు. తెల్లారేసరికి నీళ్లు తగ్గినయ్ కాబట్టి గండం గడిచింది. ఒక్క ట్రిప్పు తప్పితేనే మా ఇంట్ల ఇంత గాబరా. మరి వారాల తరబడి నీళ్ల నడుమ ఉండే ఊళ్ల సంగతేంది?

ముందు మన దగ్గర

ఉమ్మెడ వంతెన మీద నిలబడితే శ్రీరాంసాగర్ వెనుక నీళ్లు కనిపిస్తయ్. అవతల నిర్మల్ జిల్లా లోకేశ్వరం మండలం. వంతెన ఉంది కాబట్టి మనకు అది పక్కూరు. లేకుంటే అదే వేరే దేశం లెక్క. ఇదే గోదావరి కింద జగిత్యాల జిల్లా రాయికల్ మండలం బోర్నపల్లి దగ్గర ఒక కుర్రు ఉంది. 2022 జులై వరదలో అక్కడ పొలం పనికి పోయిన కూలీలు చిక్కుకుంటే ఎన్డీఆర్‌ఎఫ్ వాళ్లు పోయి తీసుకొచ్చిన్రు. అది పని కోసం పోయే కుర్రు. కోనసీమ లంకల్లో మాత్రం జనం పుట్టి, పెరిగి, అక్కడనే ఉంటరు.

లంక అంటే ఏంది?

ధవళేశ్వరం దాటినంక గోదావరి గౌతమి, వశిష్ఠ, వైనతేయ లాంటి పాయలుగా చీలుతుంది. పాయల నడుమ ఒండ్రు పేరుకొని ఏర్పడిన భూములే లంకలు. ఆ మట్టి బంగారం. కొబ్బరి, అరటి, కూరగాయలు బాగా పండుతాయి. అరటి గెలలు రావులపాలెం మార్కెట్‌కు, కొబ్బరి అంబాజీపేటకు పోతది. "వరదొస్తది కదా, ఊరు వదిలేయొచ్చు కదా" అనుడు ఈజీ. బతుకంతా ఆ మట్టిలనే ఉంది.

పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక ఉన్నాయి. ఎండాకాలం బూరుగులంక రేవు దగ్గర వశిష్ఠ పాయకు అడ్డంగా వేసిన తాత్కాలిక గట్టు మీద బండ్లు తిరుగుతాయి. వరద మొదలు కాగానే గట్టు కొట్టుకుపోతుంది. ఇక పడవే దిక్కు. బడి పిల్లలు, పాల క్యాన్లు, గ్యాస్ సిలిండర్, బైక్, నిండు గర్భిణి, అందరూ అన్నీ పడవలనే.

వరద లెక్క మన డ్యాం భాషలో

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 10 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే సుమారు 86 టీఎంసీలు. మన శ్రీరాంసాగర్ కట్టినప్పుడు 112 టీఎంసీలు. పూడిక పోను ఇప్పుడు లెక్కల్లో ఉన్నది సుమారు 80. అంటే మొదటి హెచ్చరిక నాడే మన నిండు డ్యాం కంటే ఎక్కువ నీళ్లు ఒక్క రోజుల పోతయ్! 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ టైంల లంకలో ఒకరికి గుండె నొప్పి వస్తే? 108 అంబులెన్స్ ఒడ్డు దాకా వస్తది. ఆ తర్వాత?

లెక్క ఎక్కడ తప్పుతుంది?

మన దేశంలో మైదాన ప్రాంతాల్లో 5,000 మందికి ఒక సబ్ సెంటర్, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ అని ప్రమాణం. కొండ, గిరిజన, చేరుకోవడం కష్టమైన ప్రాంతాలకు అది 3,000, 20,000. మ్యాప్ మీద చూస్తే డెల్టా అంతా చదునే, కాబట్టి మైదానం. జనాభా లెక్క ఉంది, కిలోమీటర్ల లెక్క ఉంది, నడుమ నది లెక్క లేదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినప్పుడు మాకు ఒకటి నేర్పిన్రు. సిస్టమ్‌ను మామూలు రోజుకు కాదు, లోడ్ ఎక్కువున్న రోజుకు టెస్ట్ చేయాలె. 99 శాతం అప్‌టైమ్ అంటే ఏడాదికి మూడున్నర రోజులు బంద్. దానికే క్లయింట్ గయ్యిమంటడు. లంకకు మూడు నెలలు గట్టు లేదనుకోండి, అప్‌టైమ్ 75 శాతమే. ఇంత డౌన్‌టైమ్ ఏ కంపెనీ ఒప్పుకుంటది?

నా పాయింట్ ఒక్కటే. లంకకు దవాఖాన దూరం కిలోమీటర్లలో కొలవొద్దు. వరద రోజు, అర్ధరాత్రి, ఎన్ని నిమిషాలు పడుతుందో కొలవాలె.

రాజకీయం ఎక్కడొస్తది?

2022 జులై 26న అప్పటి ముఖ్యమంత్రి జగన్ జి.పెదపూడి వచ్చి వంతెన కట్టిస్తమని మాటిచ్చిన్రు. తర్వాత పనులు మొదలైనయ్. 2024లో ప్రభుత్వం మారింది. వంతెన రెండు ప్రభుత్వాల చేతుల మీదుగా నడుస్తుంటే, గోదావరి మాత్రం ఏడాది ఆగకుండా వచ్చింది. కనకాయలంకది ఇంకో కథ. కాగితాల్లో పశ్చిమగోదావరి జిల్లా యలమంచిలి మండలం. ఊళ్లోకి దారి మాత్రం కోనసీమ వైపు చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మీదుగా. కాజ్‌వే మునిగితే ఏ జిల్లా కలెక్టర్‌ను అడగాలె?

ఇంకోటి రేవు పాట. పడవ నడిపే హక్కును వేలం వేస్తరు. ఎక్కువ పాడినోళ్లకు రేవు. డబ్బు ఎంతొచ్చిందో అందరూ అడుగుతరు. రాత్రి పూట రోగి వస్తే పడవ కట్టాలె అనే షరతు ఉందా అని అడిగేటోళ్లు తక్కువ.

వంతెన వచ్చేలోపు ఏం చేయొచ్చు?

ఒకటి, జాబితా. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ వాళ్లు, గుండె జబ్బులోళ్లు ఎవరో ఆశా అక్కకు తెలుసు. రెండో హెచ్చరిక దాకా ఆగకుండా ముందే ఒడ్డుకు తేవాలె, ఉండనీకి చోటు ఇవ్వాలె.

రెండు, డీజిల్, లైటు, లైఫ్ జాకెట్లతో రాత్రి పడవ. నడిపేటాయనకు డ్యూటీ జీతం.

మూడు, జూన్‌లోనే బీపీ, షుగర్ మందులు మూడు నెలలకు సరిపడా. ఓఆర్‌ఎస్, బావులకు బ్లీచింగ్.

వరదతోని పాములు కూడా ఇండ్లళ్లకు వస్తయ్. పాము కరిస్తే గట్టిగ తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితోని పీల్చొద్దు. కాలు చెయ్యి కదలకుండా పెట్టి, విరుగుడు మందున్న దవాఖానకు తీసుకుపోవుడే. అందుకే మళ్లీ పడవ దగ్గరికే వస్తున్నం.

ఇవి కొత్త ఐడియాలు కావు. అస్సాంలో బ్రహ్మపుత్ర దీవులకు 2005 నుంచి బోట్ క్లినిక్‌లు నడుస్తున్నయ్. డాక్టరు, నర్సు, ల్యాబ్ అన్నీ పడవలనే. స్కాట్లాండ్‌లో 2018లో దీవుల కోసం చట్టమే చేసిన్రు. కొత్త పాలసీ తెస్తే దీవుల జనం మీద దాని ప్రభావం ఏందో ముందే చూడాలె.

మా మామకు ఒక్క రాత్రి నీళ్లు అడ్డమొచ్చినయ్, మేం ఇంకా మర్చిపోలేదు. అందుకే ఒక పని చెప్తున్న. మీ ఊరికి నీళ్లు అడ్డమొచ్చే వాగో, కల్వర్టో, రేవో ఉంటే, వరద రాత్రి దవాఖానకు ఎన్ని నిమిషాలు పడుతుందో ఒకసారి లెక్క రాయండి. ఆ కాగితం పట్టుకొని గ్రామసభలో సర్పంచ్‌ను అడగండి. కామెంట్ల కూడా పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌ల చదువుత. ఉంట మరి, నమస్తే!