ఇంజనుకు మంచినీటి స్నానం

మదురైకి, కోయంబత్తూరుకు సముద్రం దూరమే. అయినా కోయంబత్తూరు పంపులు మీకు తెలిసినవే; వాటిలో నీటిని నెట్టే రెక్కల చక్రాన్ని చూసే ఉంటారు. సముద్రంలో తిరిగే పడవల వెనుక తగిలించే ఇంజనులోనూ అటువంటి చక్రం, రబ్బరుతో చేసినది, ఉంటుంది. అది సముద్రపు నీటినే లాగి ఇంజనును చల్లబరుస్తుంది.

ఆ నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఇంజను నడిచినంతసేపు నీరు పారుతూనే ఉంటుంది. చిక్కంతా ఆగిన తర్వాతనే. నీరు ఆరి ఉప్పు మిగులుతుంది. బోరునీరు కాచిన గిన్నెలో పొర కట్టినట్లు (అది సున్నపు పొర, ఇది ఉప్పు) నీటిదారులు పూడుకుపోతాయి. ఉప్పు తేమను పీల్చి లోహాన్ని తినివేస్తుంది. అటువంటి ఇంజను నడిసముద్రంలో ఆగిపోతే జాలరులకు ప్రాణగండం.

కాబట్టి ఒడ్డు చేరగానే, లోపలి నీరు ఆరకముందే, గొట్టంతో మంచినీరు అందిస్తూ ఇంజనును 10 నిమిషాలు నెమ్మదిగా నడపాలి. నీరందకుండా మాత్రం నడపరాదు. రబ్బరు చక్రం త్వరగా పాడవుతుంది.