క్యాంపస్‌లో మీ జాగ చూపించేదెవరు?

భీమ్‌గల్ బస్టాండ్‌లో జులై, ఆగస్టు నెలల్లో పొద్దున ఓ గంట నిలబడితే చాలు, దోస్త్‌లో సీటొచ్చిన వాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. కొత్త బ్యాగు, ఇస్త్రీ చెదరని డ్రెస్సు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకున్న ప్లాస్టిక్ ఫోల్డరు. పక్కన అమ్మో, మేనమామో. చాలామందికి నాన్న పక్కన ఉండడు. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండి వీడియో కాల్‌లో చూస్తుంటాడు. ఆర్మూర్ దిక్కు పోయే బస్సు వస్తుంది, ఎక్కేస్తారు. ఆ రోజు ఇంట్లో పండుగే.

దసరాకు ఇంటికొచ్చి, పండుగ అయిపోయినా వెనక్కి పోని వాళ్లు కూడా ఉంటారు. వాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ‘ఏమైంది బిడ్డా, ఎప్పుడు పోతవ్’ అని అమ్మ అడిగితే కడుపు నొప్పి అంటారు. అక్కడి నీళ్లు పడ్తలేవంటారు. ఇంకో వారం ఆగి పోతా అంటారు. ఆ వారం కాస్తా సెమిస్టర్ అవుతుంది. వీళ్లేమీ చదువు రానివాళ్లు కాదు. పదో తరగతిలో బడికి పేరు తెచ్చినవాళ్లు, ఇంటర్‌లో ఫ్లెక్సీ మీద ఫొటో పడినవాళ్లు.

ఈ ఏడాది మీరు క్యాంపస్‌లో కొత్తగా అడుగుపెడుతుంటే ఈ కథనం మీకోసమే. సెకండియర్‌లో ఉండి, మీ రూమ్‌లోకి ఓ జూనియర్ వచ్చి ఉంటే ఇంకా ఎక్కువగా మీకోసం. డిగ్రీ తర్వాత మనుషులతో పని చేసే కొలువు ఏదైనా ఉందా అని వెతుకుతున్నవాళ్లూ చదవండి. వచ్చిన విద్యార్థిని నిలబెట్టడం, డిగ్రీ చేతికొచ్చేదాకా తోడుండటం ఇప్పుడు చాలా యూనివర్సిటీల్లో పూర్తికాలపు ఉద్యోగం.

గేటు దాకా దారి దగ్గరైంది

మన జిల్లాకు యూనివర్సిటీ వచ్చి ఎక్కువ కాలమేం కాలేదు. తెలంగాణ విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. మొదట నిజామాబాద్‌లోని గిరిరాజ్ కాలేజీలో నడిచి, ఆ తర్వాత డిచ్‌పల్లికి మారింది. దానికి ముందు మన దగ్గర చాలామందికి పీజీ అంటే హైదరాబాదే. గోదావరి ఒడ్డున బాసరలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పల్లె పిల్లలకు పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల చదువు. సర్కారు బడిలో చదివినవాళ్లకు అడ్మిషన్‌లో కొంత అదనంగా కలుపుతారు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితం. బీడీలు చేసే తల్లి తన బిడ్డను డిచ్‌పల్లి పంపాలంటే ఒకప్పుడు బస్‌పాస్ దగ్గరే లెక్క ఆగేది. ఇప్పుడు ఆగట్లేదు.

ఇదంతా గేటు దాకా తీసుకొచ్చే ఏర్పాటు. గేటు లోపల సంగతి వేరే.

లోపల ఏం జరుగుతుందో ఓసారి చూడండి. సార్ పీపీటీ పెట్టి ఇంగ్లిష్‌లో చెప్పుకుంటూ పోతారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన మీరు మొదటి స్లైడ్ రాసుకునేలోపు నాలుగో స్లైడ్ వస్తుంది. డౌట్ అడుగుదామని లేచి ‘గిదెట్ల వచ్చింది సార్’ అంటే వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వుతారు. ఆ తర్వాత మీరు లేవరు. బోనఫైడ్ కావాలంటే ఏ కౌంటర్‌కు పోవాలో తెలియదు. ఈపాస్‌లో స్కాలర్‌షిప్ ఎక్కడ ఆగిందో తెలియదు. చుట్టూ చూస్తే అందరికీ అన్నీ తెలిసినట్టే కనిపిస్తారు. అప్పుడొక ఆలోచన వస్తుంది: ‘నాకొక్కడికే అర్థమైతలేదు. ఇది నా జాగ కాదు.’

అసలు దెబ్బ తగిలేది ఆ ఆలోచన దగ్గరే. సబ్జెక్టులో వెనకబడితే ట్యూషన్ ఉంది, సప్లీ ఉంది. ‘ఇది నా జాగ కాదు’ అనుకున్నవాడు ట్యూషన్ దాకా కూడా రాడు.

అమెరికాలో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు సైకాలజీ ప్రొఫెసర్లు దీన్నే పరీక్షించి, 2011లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు చేసింది చాలా చిన్న పని. ఫస్టియర్ విద్యార్థులను కూర్చోబెట్టి, సీనియర్ల అనుభవాలు చదివించారు. ‘మొదట్లో నాకూ ఇక్కడ ఇమడలేననిపించింది, మెల్లగా సర్దుకుంది’ అనే మాటలే వాటిలో ఉన్నాయి. తర్వాత వాళ్ల అనుభవాన్ని వాళ్లతోనే రాయించారు, వచ్చే ఏడాది పిల్లల కోసం చెప్పించి రికార్డు చేశారు. మొత్తం గంట పని. మూడేళ్లు గమనిస్తే నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగాయి. వాళ్లకూ తెల్లజాతి విద్యార్థులకూ మధ్య ఉన్న తేడా సగానికి తగ్గింది.

గంటలో పని అయిపోయిందని సంబరపడకండి. అదే ప్రయోగాన్ని తర్వాత 22 విద్యాసంస్థల్లో, 26,911 మందితో చేశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. ఆ మాటలు అన్నిచోట్లా పని చేయలేదు. ఆ వర్గం విద్యార్థులకు క్యాంపస్‌లో నిజంగానే చోటు దొరికినచోటే పని చేశాయి. ‘నువ్వూ మా వాడివే’ అని ఓరియంటేషన్‌లో మైకులో చెప్పి, సోమవారం కౌంటర్ దగ్గర కసురుకుంటే ఏ ఉపయోగం ఉండదన్నమాట.

ఆఖరి బస్సు లెక్క

మన దగ్గర ఈ ‘చోటు’ అనేది తరచూ బస్సు టైముతో ముడిపడి ఉంటుంది. కాలేజీలో క్లబ్బులు, స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులు, ప్లేస్‌మెంట్ శిక్షణ, కల్చరల్ రిహార్సల్స్ ఎప్పుడు పెడతారు? సాయంత్రం నాలుగు దాటాకే. ఊరి నుంచి రోజూ వచ్చిపోయే అమ్మాయి అప్పటికి బస్సు కోసం ఉరుకుతుంటుంది. ఆర్మూర్‌లో దిగి భీమ్‌గల్ బస్సు పట్టుకోవాలి. అక్కడి నుంచి తన ఊరికి ఆటో దొరకాలి. చీకటి పడితే ఇంట్లో ఫోన్ల మీద ఫోన్లు. ఆ అమ్మాయి ఏ క్లబ్బులోనూ ఉండదు. ‘మా క్యాంపస్‌లో యాక్టివిటీస్ బాగుంటాయి, పల్లె పిల్లలే పార్టిసిపేట్ చేయరు’ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళ నలభై నిమిషాలు అదే క్లబ్బు పెట్టి చూడండి, ఎవరు రారో తెలుస్తుంది.

న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ ఈ బస్సు సంగతి ముందే పట్టుకుంది. అక్కడి కమ్యూనిటీ కాలేజీల కోసం 2007లో ‘అసాప్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. చేరినవాళ్లకు ఉచిత మెట్రో కార్డు, పుస్తకాలకు సాయం ఇచ్చారు. సలహాదారుకు వందల మందిని అప్పజెప్పకుండా 60 నుంచి 80 మందినే ఇచ్చారు. నెలనెలా ఆయన్ను కలిస్తేనే మెట్రో కార్డు చేతికొచ్చేది. కార్డు కోసం వచ్చిన పిల్లవాడు ఎలాగూ కూర్చుంటాడు, రెండు మాటలు మాట్లాడతాడు. ఎండీఆర్‌సీ అనే సంస్థ దీన్ని శాస్త్రీయంగా పరీక్షించింది. కార్యక్రమంలో లేనివాళ్లలో మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసింది 22 శాతం. ఉన్నవాళ్లలో 40 శాతం.

అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీది ఇంకో దారి. 2003లో అక్కడ డిగ్రీ పూర్తి చేస్తున్నది 32 శాతమే. 2012లో వాళ్లు ప్రతి విద్యార్థి రికార్డునూ రోజూ జల్లెడపట్టే ఏర్పాటు చేశారు. మొదటి పరీక్షలో తడబడటం, పనికిరాని కోర్సుకు రిజిస్టర్ కావడం వంటి 800 ప్రమాద సూచనల్లో ఏది కనిపించినా సలహాదారు ఫోన్ చేస్తాడు. అందుకోసం 42 మందిని కొత్తగా తీసుకున్నారు. ఇంకోటి కూడా గమనించారు. ఆఖరి సెమిస్టర్ దాకా వచ్చి, కొన్ని వందల డాలర్ల ఫీజు బాకీతో పేరు తీసేయించుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు అడగకముందే ఆ బాకీ తీర్చే చిన్న గ్రాంటు 2011లో మొదలైంది. ఇలాంటివన్నీ కలిసి డిగ్రీ పూర్తి చేసేవాళ్ల శాతాన్ని యాభై దాటించాయి. రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాక సర్టిఫికెట్ల కోసం ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఆ చిన్న గ్రాంటు విలువ నేను చెప్పక్కర్లేదు.

ఇవన్నీ అమెరికా ముచ్చట్లు, మనకెక్కడివి అంటారేమో. మన దగ్గరా పాతవే. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మీడియంలో మొదలైంది. అదే ఏడాది హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పుట్టింది. జిల్లాల నుంచి వచ్చిన తెలుగు పిల్లలకు ఆ నగరంలో తిండి, పక్క, తమ భాష మాట్లాడే నలుగురు మనుషులు దొరికిన చోటది. పేరు అప్పట్లో లేదు గానీ, చేసిన పని ఇదే.

కాగితం మీద అన్నీ ఉన్నాయి

రూల్స్‌కు కొదవ లేదు. కొత్త విద్యార్థులకు క్యాంపస్‌ను పరిచయం చేసేందుకు యూజీసీ 2019లో ‘దీక్షారంభ్’ మార్గదర్శకాలు ఇచ్చింది. న్యాక్ వాళ్లు గ్రేడింగ్‌లో మెంటర్‌కు ఎంతమంది విద్యార్థులని లెక్క అడుగుతారు. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఓ విద్యార్థిని కేసు అది. వంద మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని చెప్పింది. మార్కులను బట్టి బ్యాచులు విడదీయొద్దంది. టెలిమానస్ వంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్దగా రాసి పెట్టాలంది. ఆ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు.

మీ కాలేజీలో మీ మెంటర్ ఎవరో మీకు తెలుసా? రిజిస్టర్‌లో మీ పేరు పక్కన ఒకరి పేరు ఉండే ఉంటుంది. ఆడిట్ ముందు రోజు సంతకాలు పెట్టించుకునే రిజిస్టర్‌నే మెంటరింగ్ అనుకునే చోట్లు నేను చూశాను. పేరు చెప్పను. ఒక్క చోటుదైతే చెప్పేవాణ్నే.

అడిగేవాళ్లు లేనప్పుడు ఏమవుతుందో 2022 జూన్‌లో బాసరలో చూశాం. వేల మంది ట్రిపుల్ ఐటీ పిల్లలు రెగ్యులర్ వీసీ కావాలి, వసతులు సరిచేయాలి అంటూ 12 డిమాండ్లతో వారం రోజులు క్యాంపస్‌లోనే కూర్చున్నారు. వానొస్తే గొడుగులు పట్టుకుని అక్కడే. చివరికి విద్యాశాఖ మంత్రి వెళ్లి మాట్లాడాక లేచారు. దాన్ని చాలామంది రాజకీయంగానే చూశారు. నాకు మాత్రం ఒకటే అనిపించింది. ఇది మా జాగ కాదనుకున్న పిల్లలు బ్యాగు సర్దుకుని ఇంటికి పోతారు. వాళ్లు పోలేదు, కూర్చున్నారు.

కొలువుగా ఎంచుకుంటే

ఈ పని మీద మనసున్నవాళ్లకు దారులు ఉన్నాయి, తేలికైనవని మాత్రం చెప్పను. ఎంఎస్‌డబ్ల్యూ, ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీ దగ్గరి చదువులు. ఉస్మానియాలో ఎంఎస్‌డబ్ల్యూ ఉంది, టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లకు హైదరాబాద్ క్యాంపస్ ఉంది. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఎవరో ఇచ్చే ఆరు వారాల సర్టిఫికెట్ సరిపోదు. ప్రైవేటు యూనివర్సిటీలు ‘స్టూడెంట్ సక్సెస్’, ‘స్టూడెంట్ అఫైర్స్’ పేర్లతో మనుషుల్ని తీసుకుంటున్నాయి. సర్కారు యూనివర్సిటీల్లో ఈ పనిని డీన్, వార్డెన్, ఎన్ఎస్ఎస్ ఆఫీసర్ పంచుకుంటారు. కౌన్సెలర్ పోస్టులు ఉన్నా ఎక్కువగా కాంట్రాక్టువే. అమెరికాలో దీనికి ప్రత్యేకంగా మాస్టర్స్ కోర్సులే ఉన్నాయి.

పట్టా కన్నా ముందు రెండు విద్యలు కావాలి. ఒకటి ఎక్సెల్. ఎవరి హాజరు మూడు వారాలుగా పడిపోతోందో షీటులో చూసి పట్టుకోగలగాలి. రెండోది, ‘కడుపు నొప్పి’ అన్న మాట వెనక ఏముందో వినగలగాలి. రెండోది భీమ్‌గల్, వేల్పూర్, బోధన్ దిక్కు పెరిగినవాళ్లకు సగం వచ్చే ఉంటుంది. గల్ఫ్‌లో నాన్న, బీడీల ఆకు మీద అమ్మ, 2015 డిసెంబర్‌లో మూతపడిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ జీతం మీద బతికిన తాత ఉన్న ఇంటి భాష మీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అనుభవం కోసం ఉద్యోగం దాకా ఆగకండి. సెకండియర్‌లోనే మొదలుపెట్టొచ్చు. నలుగురు సీనియర్లు కలిసి తెలుగులో రెండు పేజీల కాగితం తయారు చేయండి. బోనఫైడ్ ఏ కౌంటర్‌లో, స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఏమేం కావాలి, లైబ్రరీలో తెలుగు మీడియం పుస్తకాలు ఏ వరసలో, భీమ్‌గల్ బస్సులు ఎన్నింటికి, ఇవన్నీ అందులో రాయండి. కింద మీ నంబర్లు పెట్టండి. ఫస్టియర్‌లో మీకు ఎలా అనిపించిందో కూడా నాలుగు ముక్కలు రాయండి, సిగ్గుపడొద్దు. వాల్టన్, కోహెన్ చేయించింది అదే. వారానికోసారి మధ్యాహ్నం చెట్టు కింద కూర్చోండి. పర్మిషన్ కావాలంటే ఎన్ఎస్ఎస్ సార్‌ను అడగండి.

కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలోనే ఒక్క లెక్చరర్ దగ్గరికైనా పోయి మీ పేరు, మీ ఊరు చెప్పండి. అర్థం కాని స్లైడ్ పట్టుకుని పొండి. ఏ భాషలో అడగాలా అని చూడకండి, ‘గిదెట్ల వచ్చింది సార్’ అనే అడగండి.

ఇక బతుకమ్మ, దసరా సెలవులు అయ్యాక వచ్చే మొదటి సోమవారం. క్లాసులో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టండి. వాటిలో ఎవరు కూర్చునేవాళ్లో గుర్తుంటే ఆ సాయంత్రమే ఫోన్ చేయండి. కడుపు నొప్పి అంటే సరే అనండి. రేపు ఏ బస్సుకు వస్తున్నావో అడగండి. స్టాప్‌లో నేనుంటా అని చెప్పండి.