మన గోడ మీది గెంతే సాలీడు

తమ్ముళ్లారా,

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, పొదిలి హాస్టల్లో నా పక్కన పడుకునే మిత్రుడి మెడ మీద ఒకరోజు ఉదయం ఎర్రటి చార కనిపించింది. మర్నాటికి పొక్కులు లేచాయి. "సాలెపురుగు ఉచ్చ పోసింది" అన్నాం అందరం. ఆదివారం చీపుర్లు పట్టుకొని గోడల మీద కనిపించిన ప్రతి సాలీడునూ చంపాం. ఎక్కువ చంపింది నేనే. జంతుశాస్త్రం పీజీలో చేరాక అదే సాలీడును భూతద్దం కింద చూశాను. అప్పుడు నా తప్పు తెలిసింది. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేను. అందుకే నేర్చుకున్నది ముందు మీకు చెప్పాలనిపించింది.

పేరు, ఊరు

మన గిద్దలూరు, నంద్యాల మధ్య అడవుల్లో చెట్ల తొర్రల్లో నీలిరంగు గుత్తి సాలీడు ఉంటుంది. 1899లో పోకాక్ వర్ణించిన ఆ సాలీడు 2001లో ఈ అడవుల్లో మళ్లీ కనిపించింది. దాన్ని చూడటం మనకు కష్టం. గోడ మీది సాలీడును మాత్రం ఏ ఖర్చూ లేకుండా రోజూ చూడవచ్చు. దీని శాస్త్రీయ నామం ప్లెక్సిపస్ పేకుల్లీ. 1826లో ఔడూయిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. సాలీళ్లలో అతి పెద్ద కుటుంబమైన సాల్టిసిడేకు చెందినది. ఉష్ణమండల దేశాలన్నిటిలోనూ ఇళ్ల గోడల మీద ఉంటుంది.

శరీర నిర్మాణం

సాలీడు కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్లు, మూడు భాగాల శరీరం. సాలీడుకు ఎనిమిది కాళ్లు, రెండే భాగాలు: ముందు శిరోవక్షం, వెనుక ఉదరం. రెంటినీ సన్నని కాడ కలుపుతుంది. నోటి పక్కన చిన్న చేతుల్లా ఊగేవి కాళ్లు కావు, స్పర్శాంగాలు. ఎదిగిన మగదానికి వాటి కొసలు ఉబ్బి ఉంటాయి.

కళ్లు ఎనిమిది. ముందు వరుసలో నాలుగు, వెనుక రెండు చిన్నవి, ఆ వెనుక మరో రెండు. ముందు మధ్యలోని రెండు పెద్ద కళ్లు స్పష్టంగా చూస్తాయి. మిగిలినవి పక్కల, వెనుక కదలికను పసిగడతాయి. మీరు వేలు కదిపితే చటుక్కున మీవైపు తిరిగేది అందుకే.

ఇది ఈగల కోసం గూడు అల్లదు, పొంచి ఉండి దూకుతుంది. దాని బలం తొడ కండల్లో లేదు. శరీరంలోని ద్రవాన్ని ఒత్తిడితో వెనుక కాళ్లలోకి పంపితే అవి ఒక్కసారిగా చాచుకుంటాయి. దూకే ముందు గోడకు ఒక దారం అంటిస్తుంది. గురి తప్పినా కింద పడదు.

గుర్తుపట్టడం ఎలా?

పొడవు సుమారు ఒక సెంటీమీటరు. మగది నల్లగా ఉంటుంది. నడి వీపున తెల్లటి చార ముందు కళ్ల దాకా సాగుతుంది. ఆడది గోధుమ బూడిద రంగు. దాని నడి చార లేత గోధుమ రంగులో ఉంటుంది, కళ్ల దాకా రాదు. ఉదరం చివర రెండు తెల్ల చుక్కలు చూడండి. పల్చగా గోడకు అతుక్కున్నట్టు ఉండే బూడిద రంగుది వేరే జాతి, మెనిమెరస్. ప్లెక్సిపస్ పీటర్సీ అనే దగ్గరి చుట్టం కూడా ఉంది. ఖాయంగా తేల్చాలంటే సూక్ష్మదర్శిని కావాలి.

మరి పొక్కులు ఎవరి పని?

దీనికి ఈగను లొంగదీసేంత విషమే ఉంది, మనకు ప్రమాదం లేదు. మిత్రుడి మెడ మీది చార పెడరస్ అనే పురుగు గుర్తు. పొడవాటి చీమలా, ఎరుపు నలుపు రంగుల్లో ఉంటుంది. రాత్రి ట్యూబ్‌లైటు వెలుగుకు వస్తుంది. అది కుట్టదు. మనం నిద్రలో నలిపితే దాని ఒంట్లోని విషం చర్మానికి అంటి, ఒకటి రెండు రోజుల్లో పొక్కులు లేస్తాయి. ఒంటి మీద వాలితే నలపకుండా ఊదేయండి. నలిగితే వెంటనే సబ్బుతో కడగండి. పొక్కులు లేస్తే డాక్టరుకు చూపించండి.

తప్పు చేసింది లైటు కింది పురుగు. చీపురు దెబ్బలు తిన్నది ఈగల్ని పట్టే సాలీడు. ఊళ్లో ఏం పోయినా "హాస్టల్ పిల్లలే తీసుంటారు" అనే మాట మనమూ పడ్డాం. చూడకుండా వేసే నింద ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఈసారి గోడ మీద సాలీడు కనిపిస్తే చీపురు పక్కన పెట్టండి. ముందు కళ్లు లెక్కపెట్టండి.

— ఒక పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (జంతుశాస్త్రం)