ఏటిమొగన నాలుగు పుస్తకాలు

కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవికి ఒక స్థలపురాణం ఉన్నది. జనుల పాపాలు మోసి మోసి గంగ నల్లబడిపోయిందట. ఆ నలుపు పోగొట్టుకోవడానికి కాకిరూపంతో తీర్థాలన్నీ తిరిగి, చివరకు ఈ సంగమంలో మునిగి హంసయై లేచిందట. అందుకే ఊరికి ఆ పేరు. హంస అనగానే మన పెద్దలకు జ్ఞాపకం వచ్చే మాట మరొకటి ఉన్నది. పాలనూ నీళ్ళనూ వేరుచేయగల పక్షి అది. చదువరికి అంతకంటే మంచి గురువు ఎవరు?

ఆ మధ్య మా తరగతిలో ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ! నవల అంటే కల్పనే కదా! నిజం కావలసినవాడు చరిత్ర చదువుకుంటే చాలదా?" అని అడిగాడు. తేలికగా కొట్టిపారవేయదగిన ప్రశ్న కాదది. అందుకని బందరు, గుడివాడ, దివి ప్రాంతాలతో ఏదో ఒక చుట్టరికం ఉన్న పుస్తకాలు నాలుగు వరసపెట్టి చదివాను. రెండు నవలలు, రెండు నవలలు కానివి. పాత పుస్తకాలే, అయినా చదివిన ప్రతిసారీ అభిప్రాయం కొంత మారుతూనే ఉంటుంది.

మొదటిది విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు'. 1895లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టి, బందరులో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారి శిష్యరికం చేసిన విశ్వనాథ, 1934లో వ్రాసిన నవల ఇది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారి బహుమతిని అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'తో పంచుకున్నది. సుబ్బన్నపేటలో వేణుగోపాలస్వామి కోవెల; హంసలదీవిలో వెలసినదీ వేణుగోపాలుడే. మా వైపు వారికి ఆ ఊరు పరాయిదనిపించదు. పొలాలలో పైరుతో పాటు పుట్టినట్టుండే పసరికను ఒకసారి చూసినవాడు మరి మరువలేడు. ధర్మారావు ఉపన్యాసాలు మాత్రం అప్పుడప్పుడు కథకు అడ్డం వస్తాయి. దేవదాసి గిరిక భక్తి చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి. కాని పాతకాలపు కట్టుబాటు చెదిరిపోతున్నదని బాధపడే రచయిత, ఆ కట్టుబాటులో ఆడపిల్ల ఇష్టానికి చోటెంత అని అడిగి ఉంటే బాగుండుననిపించింది. అయినా పొలానికీ మనిషికీ ఉన్న బంధం తెగితే ఊరు ఏమవుతుందో ఇంత విస్తారంగా చెప్పిన నవల మనకు అరుదు.

రెండవది గుడివాడ దగ్గర అంగలూరులో 1910లో పుట్టిన త్రిపురనేని గోపీచంద్‌గారి 'అసమర్థుని జీవయాత్ర'. 'వేయిపడగలు' మహావృక్షమైతే ఇది చురకత్తి. సీతారామారావు కలిగినింటి బిడ్డ. వంశప్రతిష్ఠ నెత్తికెక్కించుకుని ఆస్తి హారతి కర్పూరం చేస్తాడు. తరువాత పని చేయలేడు, చేయలేనని ఒప్పుకోలేడు. తనలో తాను వాదించుకుంటూ, వాదించుకుంటూ శ్మశానం చేరుకుంటాడు. మన ఇళ్ళలో, మన వీధులలో ఇటువంటి సీతారామారావులు లేకపోలేదు. నా ఫిర్యాదు ఒక్కటే. భార్య ఇందిరను మనం అతని కళ్ళతోనే ఎక్కువగా చూస్తాము. ఆ ఇల్లు ఆమె ఎలా గడుపుకొచ్చిందో ఆమె నోటే వినాలని ఉన్నది.

మూడవది వెంకటశాస్త్రిగారి 'కథలు–గాథలు'. బందరు హైస్కూలులో తెలుగు చెప్పిన శాస్త్రిగారు అరుగుమీద కూర్చుని మాట్లాడుతున్నట్టే వ్రాస్తారు. ఒక అవధానం సంగతి మొదలుపెట్టి, దారిలో మరొక జమీందారుగారి దర్బారులో ఆగి, ఇంకెవరితోనో పడిన తగవు చెప్పి, మనం మరచిపోయిన వేళకు మొదటి సంగతికి వస్తారు. తేదీల వరస వెతికేవాడికి విసుగు పుడుతుంది. తన గొప్ప చెప్పుకోవడానికీ ఆయనకు మొహమాటం లేదు. కాని ఆ కాలపు పండితుల పౌరుషం, పేదరికం, హాస్యం అన్నీ కళ్ళకు కట్టేది ఆ మాటతీరులోనే. జరిగిన సంగతులే అయినా కథలాగే చదివిస్తాయి.

నాలుగవదానికి ఏ అలంకారమూ లేదు. గోర్డన్ మెకంజీ అనే దొర కూర్చగా 1883లో అచ్చయిన కృష్ణా జిల్లా మాన్యువల్ అది. ఇంగ్లీషు గ్రంథం. నిండా శిస్తులు, జమీలు, కాలువలు. అందులో 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెన సంగతి ఉన్నది. ఆ ఉప్పెనలో పోయినవారు సుమారు 30,000 మంది. ఆ పుటలవద్ద చాలాసేపు ఆగిపోయాను. సరిగా 113 ఏళ్ళకు, 1977 నవంబరు 19న, అదే సముద్రం దివిసీమమీద పడ్డది. సర్కారు లెక్కలలోనే సుమారు పదివేల ప్రాణాలు పోయినవి. పాత ఉప్పెన కథ అచ్చులో ఉన్నమాట నిజమే. కాని ఏటిమొగ దగ్గర గుడిసెలో కాపురమున్న పాలేరుకు ఇంగ్లీషు మాన్యువల్ చదివిపెట్టేదెవరు?

పుస్తకం ఉప్పెనను ఆపలేదు. జ్ఞాపకం మాత్రం ప్రాణాలు కాపాడగలదు. 1977 తరువాత తీరం వెంబడి తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మే నెలలో మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే పెనుతుపాను తీరం దాటినపుడు లక్షమందికి పైగా ముందే తరలించారు. అప్పుడూ చాలామంది పోయారు. అయినా ఆ సంఖ్య వెయ్యి దాటలేదు. అందులో గతాన్ని మరువకపోవడానికీ భాగం ఉన్నది.

ఇప్పుడు ఆ కుర్రవాడికి ఏమి చెప్పను? ముప్పైవేలనే అంకె చదివి తలవంచుకుంటాము. ఆ ముప్పైవేలలో ఒక్కడి ముఖమైనా మాన్యువల్‌లో కనబడదు. సీతారామారావు పుట్టనే లేదు. అయినా అతని ముఖం నాకు తెలుసు. ఉప్పెన ఎప్పుడు వచ్చిందో తెలియాలంటే మొదటి రకం పుస్తకం కావాలి. ఎవరిమీద వచ్చిందో తెలియాలంటే రెండవ రకం కావాలి. రెంటిలోనూ పాలున్నాయి, రెంటిలోనూ నీళ్ళున్నాయి.

దివిసీమ ఉప్పెనమీద కవితలు, కథలు రాకపోలేదు. అయినా ప్రతి ఇంటి కథా రాలేదు. ఆనాడు పదేళ్ళ పిల్లలుగా తాటిచెట్లు కరచుకుని బ్రతికినవారికి ఇప్పుడు అరవై ఏళ్ళు వస్తున్నవి. ఈ వ్యాసం చదివే కుటుంబాలలో అటువంటి తాతయ్యో, అమ్మమ్మో ఉంటే, వచ్చే సెలవులలో పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. ఆ రాత్రి ఎక్కడ ఉన్నారు, ఎవరి చెయ్యి పట్టుకున్నారు, తెల్లవారి ఎవరు కనబడలేదు అని అడిగి, వారు చెప్పినది చెప్పినట్టు తెలుగులో వ్రాసిపెట్టమనండి. నేను చదవాలని ఎదురుచూస్తున్న అయిదవ పుస్తకం అదే.