నాన్‌జింగ్‌లో మేం పంతుళ్లం

చైనాలో ఏం తిని బతికారని మిత్రులు అడుగుతుంటారు. అన్నానికి ఏ లోటూ లేదు. లోటు మనుషుల రాకపోకలకే.

ఇక్కడి ఉద్యోగాలకు సెలవు పెట్టి, 1986 నుంచి రెండేళ్లు మేమిద్దరం నాన్‌జింగ్‌లో ఒక కళాశాలలో ఇంగ్లీషు చెప్పాం. హువై నదికి దక్షిణాన ఉన్న ఊళ్లకు ప్రభుత్వం వారి వేడిగొట్టాలు లేవు. జనవరిలో పిల్లలు దూదికోట్లతోనే పాఠం వినేవారు.

చైనీస్‌లో 'అతడు', 'ఆమె' రెండూ పలకడానికి 'థా'యే. అందుకని తల్లి గురించి చెబుతూ కూడా 'హీ' అనేవారు. త, థ తేడా మనకు అక్షరమాలలోనే ఉంది గనుక మాకు ఆ పలుకు సులువైంది. స్వరాలే తిప్పలు పెట్టాయి.

ఆ రోజుల్లో విదేశీయులకు నోట్లే వేరు. 1980లో వచ్చి 1995లో పోయిన ఆ నోట్లతో మేం ఫ్రెండ్‌షిప్ స్టోర్‌లో కొనుక్కునేవాళ్లం. మా బసా వేరే. విద్యార్థులు రావాలంటే గేటు దగ్గర పుస్తకంలో పేరు, శాఖ, వచ్చిన పని రాయాలి. చురుకైన ఒకమ్మాయి రెండుసార్లు రాసింది. మూడోసారి గేటు దాకా వచ్చి వెనుదిరిగింది. కారణం మేం అడగలేదు. అడిగితే ఇబ్బంది ఆమెకే.

ఆ వారం నుంచి మేమే బయటికి వెళ్లాం. శనివారం సాయంత్రాలు ప్లేన్ చెట్ల కింద, ఫ్లాస్కులో వేన్నీళ్లతో కబుర్లు. చలిలోనూ ఇరవైమంది వచ్చేవారు. ఆ అమ్మాయీ వచ్చింది. కొన్నాళ్లకు వాళ్లమ్మ గురించి చెబుతూ, తడుముకోకుండా 'షీ' అంది.

చదువు చెప్పడానికి పరాయి దేశం వెళ్లే మన పిల్లలకు మేం చెప్పేదొకటే: సాయంత్రాలు గదిలో కూర్చోకండి.